రాత్రిళ్ళు నిద్రపోనివ్వని కుక్కపిల్ల: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలిసినవాళ్ళ ఇంట్లోకి కొత్తగా కుక్కపిల్ల వచ్చిందంటే మూడో రోజుకల్లా నాకు ఫోన్ వస్తుంది, "అక్కా, రాత్రంతా ఏడుస్తోంది, ఏం చెయ్యమంటావ్" అని. అందరికీ అవే డౌట్లు, అవే భయాలు. అందుకే ఒకసారి కూర్చుని అన్నీ ఒకచోట రాసేశాను. నేను డాక్టర్‌ని కాదు, ఇప్పటికి మూడు కుక్కపిల్లల్ని పెంచాను, మూడోది రాగి, కూకట్‌పల్లిలో మా వీధి చివర టిఫిన్ బండి వెనక దొరికిన దేశీ పిల్ల. రంగు చూసి ఆ పేరు పెట్టాం. మీకు ఏ ప్రశ్న కావాలో అక్కడికి నేరుగా వెళ్ళి చదువుకోండి.

## ఇంటికి తెచ్చే ముందు

నెల రోజుల పిల్లని ఇస్తామంటున్నారు, ఎంత చిన్నప్పుడు తెచ్చుకుంటే అంత బాగా మచ్చికవుతుంది కదా?

కాదండీ, చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. 8 వారాలు నిండకుండా తల్లి దగ్గర్నుంచి విడదీయకూడదు. 2017లో వచ్చిన కుక్కల బ్రీడింగ్ రూల్స్ ప్రకారం 8 వారాల్లోపు పిల్లని అమ్మడమే తప్పు. నెల పిల్లకి ఒంట్లో వేడి సరిగ్గా నిలవదు, తోడబుట్టిన వాటి మీద కుప్పగా పడి వెచ్చగా పడుకుంటుంది, కొన్ని గంటలకోసారి పాలు కావాలి, అలాంటిదాన్ని తెచ్చి ఒక్కదాన్నే గదిలో పెడితే ఏడవకుండా ఎలా ఉంటుంది? ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్ళకి నొప్పి పుడుతుందో కూడా తోడబుట్టిన వాటితో ఆడుకుంటూనే నేర్చుకుంటుంది. ఇంకో నాలుగు వారాలు ఆగి తెచ్చుకోండి. తల్లి పోయి రోడ్డు మీద దొరికిన పిల్ల అయితే అది వేరే సంగతి, దాన్ని ముందు డాక్టర్‌కి చూపించి, ఏ పాలు ఎంత పట్టాలో అడిగి పెంచాల్సిందే.

ఏ రోజు తెచ్చుకుంటే మంచిది?

తిథి, వారం మీ ఇష్టం, కానీ పొద్దున్న పూట తీసుకురండి. సాయంత్రం ఏడింటికి తెస్తే ఇల్లు, మనుషులు, వాసనలు ఏవీ అర్థం కాకముందే చీకటి పడిపోతుంది. పొద్దున్నే వస్తే రాత్రికి ముందు పది పన్నెండు గంటలు ఇంట్లో తిరిగి, తిని, రెండు మూడు కునుకులు తీసి ఉంటుంది. మర్నాడు, ఆ మర్నాడు మీకు ఆఫీసు లేకుండా చూసుకోండి. వచ్చేటప్పుడు తల్లి పడుకున్న చోటి గుడ్డ ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి, ఉతక్కండి, ఆ వాసనే దానికి ధైర్యం.

పడుకోవడానికి బెడ్ కొనాలా, బోను కొనాలా?

మొదటి నెలకి ఏదీ కొనక్కర్లేదు. మంచి గట్టి అట్టపెట్టె, లోపల పాత కాటన్ చీర నాలుగు మడతలు వేసి పరిస్తే చాలు. పెట్టె మరీ పెద్దది వద్దు, పిల్ల లేచి నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్ళు చాపుకునేంత ఉంటే సరిపోతుంది, ఎందుకంటే కుక్కలు పడుకునే చోట పాడుచేయడానికి ఇష్టపడవు, చోటెక్కువైతే ఒక మూల పడుకుని ఇంకో మూల పోసేస్తాయి. కడ్డీల క్రేట్ కొంటే కొనండి, మంచిదే, కానీ పగలు తలుపు తీసి ఉంచి లోపల తిండి పెట్టి అలవాటు చేశాకే రాత్రి మూయండి.

ఒక్క జాగ్రత్త. బీరువాలోంచి తీసిన పాత చీరకి కలరా ఉండల వాసన ఉంటుంది. ఆ ఉండలు కుక్కలకి విషం. చీరని ఉతికి ఒక రోజు ఎండలో వేసి అప్పుడు పరవండి, మడతల్లో ఉండ ఒక్కటి కూడా మిగలకుండా దులిపి చూడండి.

## మొదటి వారం రాత్రులు

రాత్రంతా కుయ్ కుయ్‌మని ఏడుస్తోంది, ఏడ్చి ఏడ్చి అదే ఊరుకుంటుంది పట్టించుకోకండి అంటున్నారు, నిజమేనా?

నాకు ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే, ఎక్కువమందితో గొడవ పడేదీ దీని మీదే. వదిలేయకండి. అది మొండితనంతో ఏడవట్లేదు. నిన్నటిదాకా తల్లి పొట్ట పక్కన, నలుగురైదుగురు తోడబుట్టిన వాటి మధ్య పడుకున్న ప్రాణం, పుట్టాక మొదటిసారి ఒంటరిగా ఉంది. తప్పిపోయిన పిల్ల ఏడిస్తే తల్లి వెతుక్కుంటూ వస్తుంది, ఆ ఏడుపు ఉన్నదే అందుకు. గంటసేపు ఏడ్చి ఊరుకుందంటే ధైర్యం వచ్చిందని కాదు, అలిసిపోయిందని. రేపు రాత్రి ఆ పెట్టెని చూస్తేనే భయపడుతుంది.

మరి ఎత్తుకుని ముద్దు చేయాలా అంటే అదీ వద్దు. దాని పెట్టె తెచ్చి మీ మంచం పక్కనే, చెయ్యి కిందకి వేలాడేస్తే అందేంత దగ్గరలో పెట్టండి. ఏడిస్తే చెయ్యి కిందకి వేసి ఊరికే ఆనించి ఉంచండి, మాట్లాడొద్దు, లైటు వేయొద్దు, కళ్ళలోకి చూడొద్దు. రాగి వచ్చిన రాత్రి నేను చాప వేసుకుని కిందే పడుకున్నాను, దాని ముక్కు నా అరచేతిలో పెట్టి, వేడి వేడిగా ఊపిరి తగులుతుంటే, ఒకటిన్నరకి ఒక పెద్ద నిట్టూర్పు విడిచి నిద్రపోయింది. మూడో రాత్రికి చెయ్యి అవసరం పడలేదు. తోడుగా ఉండండి, ఆటవస్తువులా మాత్రం ఉండకండి. పది రోజులయ్యాక పెట్టెని రోజుకి ఒక అడుగు చొప్పున మీకు కావాల్సిన చోటికి జరుపుకోవచ్చు.

మంచం మీద పడుకోబెట్టుకోవచ్చా?

పెద్దయ్యాక కూడా మంచం మీద ఉంటే మీకు ఇబ్బంది లేదా అని ఇంట్లో అందరినీ ముందే అడగండి. లాబ్రడార్ పిల్ల ఇప్పుడు నాలుగు కిలోలే ఉంటుంది, ఏడాదికి దాదాపు ముప్పై కిలోలవుతుంది. ఇప్పుడు ఎక్కించుకుని అప్పుడు దించేస్తే దానికి అర్థం కాదు. పైగా రెండు నెలల పిల్ల మంచం మీంచి దూకితే ఆ ఎత్తుకే కాలు విరగొచ్చు, నిద్రలో మనం మీద పడే ప్రమాదం కూడా ఉంది. నా మాటకొస్తే నాలుగైదు నెలల దాకా కిందే, తర్వాత మీ ఇష్టం. మంచం ఎక్కితే కుక్క మనల్ని లెక్క చేయదు అంటారు చూడండి, అలాంటిదేం లేదు.

మా ఊళ్ళో కుక్కలన్నీ బయటే పడుకుంటాయి, బాల్కనీలోనో పార్కింగ్‌లోనో కట్టేస్తే తప్పేంటి?

ఊళ్ళో కుక్కని ఎవరూ ఒక్కదాన్నే ఫ్లాట్‌లో పెంచరు కదండీ, దాని చుట్టూ తల్లి ఉంటుంది, గేదెలుంటాయి, అరుగు మీద తాతయ్య పడుకుని ఉంటాడు. బాల్కనీలో గొలుసుతో కట్టిన రెండు నెలల పిల్లకి తోడు ఎవరూ ఉండరు. రెయిలింగ్ సందుల్లోంచి జారిపోతుంది, గొలుసు మెడకి చుట్టుకుంటుంది, దోమలు వెంట్రుకల్లేని పొట్ట మీద కుట్టి కుట్టి నిద్రపోనివ్వవు. పార్కింగ్‌లో అయితే కార్ల కింద దూరుతుంది. ఇంట్లో చోటు లేదంటే హాల్లో సోఫా పక్కన పెట్టి, మీలో ఒకళ్ళు ఆ వారం సోఫాలో పడుకోండి. దోమలు రాకుండా మన చంటిపిల్లలకి వాడే గొడుగు దోమతెర బాగా పనికొస్తుంది, మనం రాసుకునే దోమల క్రీమ్ మాత్రం రాయొద్దు, నాకేస్తుంది.

ఆకలేసి ఏడుస్తుందేమో, అర్ధరాత్రి పాలు పోయొచ్చా?

ఆవు పాలు, గేదె పాలు చాలా పిల్లలకి అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి, అప్పుడు రాత్రికి మూడుసార్లు లేచేది ఆరుసార్లు లేస్తుంది. పైగా రెండింటికి గిన్నె కనిపించిందంటే రేపు రెండింటికి ఆ గిన్నె కోసమే లేస్తుంది. రెండు మూడు నెలల పిల్లకి రోజుకి నాలుగు సార్లు పెట్టండి, చివరిది రాత్రి ఏడు, ఏడున్నరకి. పామరేనియన్, షిట్జూ లాంటి బాగా చిన్న జాతి పిల్లలు దీనికి మినహాయింపు, వాటికి ఎక్కువసేపు కడుపు ఖాళీగా ఉంటే ఒంట్లో షుగర్ పడిపోతుంది, అందుకని పడుకునే ముందు ఇంకో రెండు చెంచాలు పెట్టాలి. అలాంటి పిల్ల నీరసంగా తూలుతున్నా వణుకుతున్నా చిగుళ్ళకి కాస్త తేనె రాసి వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి.

లైటు వేసి ఉంచాలా? టీవీ పెట్టాలా?

లైటు వద్దు, మసక బెడ్‌లైట్ ఉన్నా పర్లేదు. టీవీ వద్దు. టిక్ టిక్ మనే పాత టేబుల్ గడియారం ఉంటే టవల్‌లో చుట్టి పక్కన పెట్టండి, కొన్ని పిల్లలకి ఆ చప్పుడు బాగా పనిచేస్తుంది. ఫ్యాన్ చప్పుడు కూడా వీధి శబ్దాల్ని కప్పేస్తుంది.

మేం ఏసీ వేసుకుంటాం, పిల్లకి చలేస్తుందా?

వేస్తుంది. చల్లగాలి కిందకే దిగుతుంది, పిల్ల ఉండేది నేల మీద, మీరు దుప్పటి కప్పుకుని 20లో హాయిగా ఉంటారు, అది మార్బుల్ మీద ముడుచుకుని వణుకుతుంటుంది. 26 కంటే తగ్గించకండి, గాలి నేరుగా పెట్టె మీద పడకుండా చూడండి. చలికాలంలో అయితే గోరువెచ్చని నీళ్ళ సీసా టవల్‌లో చుట్టి ఒక పక్కన పెట్టండి, రెండో పక్క ఖాళీగా ఉండాలి, వేడెక్కితే జరగడానికి. మే నెలలో మన ఎండలకి ఉల్టా, అదే లేచి వెళ్ళి చల్లటి టైల్స్ మీద పడుకుంటుంది, పడుకోనివ్వండి.

## రాత్రి లేవడం, బయటికి తీసుకెళ్ళడం

రాత్రికి ఎన్నిసార్లు లేవాలి?

లెక్క తేలికే. పిల్లకి ఎన్ని నెలలో దానికి ఒకటి కలపండి, అన్ని గంటలు సుమారుగా ఆపుకోగలదు. రెండు నెలల పిల్ల మూడు గంటలు, మూడు నెలలది నాలుగు. నిద్రలో ఇంకాస్త ఎక్కువే ఆపుకుంటుంది. కాబట్టి పదకొండింటికి పడుకోబెడితే రెండింటికి ఒకసారి, ఐదింటికి ఒకసారి.

అది ఏడ్చేదాకా ఆగకుండా మీరే అలారం పెట్టుకుని లేపండి. ఇది చాలామందికి వింతగా ఉంటుంది, పడుకున్న పిల్లని లేపడం ఏంటి అని. అది ఏడ్చాక మీరు లేస్తే ఏడిస్తే వస్తారని నేర్చుకుంటుంది, ఏడవకముందే లేపితే అసలు ఏడవాల్సిన పనే ఉండదు. మూడు రోజులు ఏ టైమ్‌కి లేస్తోందో కాగితం మీద రాసుకోండి, ఆ టైమ్‌కి పదిహేను నిమిషాల ముందు అలారం పెట్టండి, వారం పాటు పక్క పొడిగా ఉంటే అలారాన్ని రెండు రోజులకోసారి పదిహేను నిమిషాలు వెనక్కి జరపండి. రెండు మెల్లగా మూడవుతుంది, మూడు నాలుగవుతుంది, ఒకరోజు రెండు అలారాలూ ఒకటైపోతాయి.

బయటికి తీసుకెళ్తే గడ్డి వాసన చూస్తూ నిలబడుతుంది, లోపలికి రాగానే హాల్లో పోసేస్తోంది, కావాలని చేస్తోందా?

కావాలని కాదండీ, బయట అంత కొత్తగా ఉంటే దానికి ఉచ్చ సంగతే గుర్తుండదు. తాడు కట్టి ఒకే చోటికి తీసుకెళ్ళండి, రోజూ అదే చోటు, మీరు చెట్టులా కదలకుండా ఐదు నిమిషాలు నిలబడండి. ఒకే మాట వాడండి, "సుస్సు" అంటారో ఇంకేమంటారో, ఇంట్లో అందరూ అదే అనాలి. పోశాక అక్కడే, ఆ క్షణమే మెచ్చుకోండి, లోపలికొచ్చాక మెచ్చుకుంటే లోపలికి రావడానికి అనుకుంటుంది. ఐదు నిమిషాల్లో పోయకపోతే ఎత్తుకుని లోపలికి తెచ్చి పది నిమిషాలు ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ తీసుకెళ్ళండి, నేల మీద మాత్రం దించొద్దు.

హాల్లో పోసిన చోట ఫినాయిల్ కొట్టి వదిలేస్తే మనకి వాసన పోతుంది గానీ దాని ముక్కుకి ఉంటుంది. తడి ఆరకముందు నాకితే ఫినాయిల్ మంచిది కూడా కాదు. ముందు గుడ్డతో పీల్చి, నీళ్ళలో వెనిగర్ కలిపి తుడవండి. ముక్కు పట్టి ఉచ్చలో రుద్దడం, పేపర్ చుట్టి కొట్టడం చేయకండి, మీరు చూస్తుంటే పోయకూడదని మాత్రమే నేర్చుకుని సోఫా వెనకాల మొదలుపెడుతుంది.

ఇంజెక్షన్లు పూర్తవలేదు, రాత్రి కిందకి దించొచ్చా?

వీధి కుక్కలు తిరిగే చోట నేల మీద పెట్టొద్దు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికుంటుంది, చిన్న కుక్కపిల్లలకి అది ప్రాణాంతకం. మామూలుగా 6 నుంచి 8 వారాలకి మొదటి టీకా, మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్, 16 వారాల దాకా ఉంటుంది, మూడు నెలలకి రేబిస్ టీకా, మీ డాక్టర్ ఇచ్చిన కార్డు చూసుకోండి. అప్పటిదాకా వేరే కుక్కలు రాని టెర్రస్ ఒక మూలో, బాల్కనీలో పెద్ద ట్రేలో మట్టి పోసో, కృత్రిమ గడ్డి చాప వేసో అలవాటు చేయండి. న్యూస్‌పేపర్ తప్పదంటే వేయండి, కానీ తర్వాత నాన్నగారు చదువుతున్న పేపర్ కింద పడినా దాని మీద పోస్తుంది, అది మాన్పించడానికి ఇంకో నెల పడుతుంది.

రాత్రి నీళ్ళ గిన్నె తీసేయమంటున్నారు, తీసేయొచ్చా?

పడుకునే ముందు ఒక గంట తీస్తే చాలు, అది కూడా చలికాలంలో. ఎండాకాలం తీయొద్దు. రాజమండ్రిలో మా పిన్నిగారింట్లో ఉక్కకి మనుషులమే రాత్రి రెండుసార్లు లేచి నీళ్ళు తాగుతాం, పిల్లకి ఎలా ఆపుతాం? ఒకసారి ఎక్కువ లేవాల్సి వస్తే లేవండి.

రెండింటికి బయటికి తీసుకెళ్ళి తెచ్చాక ఇంక పడుకోదు, ఆడుకుందాం రమ్మని పాదాలు కొరుకుతుంది

ఆ ఐదు నిమిషాలు మీరు ఎలా ఉన్నారో గుర్తు తెచ్చుకోండి. ట్యూబ్‌లైట్ వేశారా, "ఏంట్రా కన్నా, నిద్ర పట్టట్లేదా" అన్నారా, ఫోన్ తీసి వీడియో తీశారా? ఇవన్నీ దానికి ఆటకి పిలుపులే. సెల్‌ఫోన్ టార్చ్ నేల వైపు పెట్టి, "సుస్సు" అనే ఆ ఒక్క మాట మాత్రం అని, పని అయ్యాక తెచ్చి పెట్టెలో పెట్టేయండి. కొరికితే చెయ్యి లాక్కోకండి, లాక్కుంటే ఇంకా మజా దానికి, కదలకుండా ఉంచి మెల్లగా తీసేసి పాత సాక్స్ ముడి వేసి నోటికి అందించండి. వీధిలోంచి తెచ్చిన, టీకా పడని పిల్ల పన్ను దిగినా గీరుకుపోయినా తేలిగ్గా తీసుకోవద్దు, కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే డాక్టర్‌కి చూపించుకోండి, రేబిస్ ఇంజెక్షన్ వేయించుకోండి.

## మూడు నెలలు దాటాక

పగలంతా పడుకుంటుంది, రాత్రి పదింటికి పిచ్చి పట్టినట్టు ఇల్లంతా పరిగెడుతుంది

చిన్న కుక్కపిల్లలు రోజుకి 18 గంటల పైనే నిద్రపోతాయి, కాబట్టి పగలు పడుకోవడం తప్పు కాదు, పడుకోనివ్వకుండా లేపి ఉంచితే అలిసిపోయి ఇంకా చికాకుగా తయారవుతుంది, మన చంటిపిల్లల్లాగే. ఆ పదింటి పరుగు చాలాసార్లు నిద్ర తక్కువైన పరుగే. సాయంత్రం ఐదు, ఆరు మధ్య బాగా ఆడించండి, ఏడింటికి తిండి, ఎనిమిదిన్నరకి బుర్రకి పని పెట్టండి, అంటే పాత టవల్‌లో నాలుగు గింజలు తిండి దాచి చుట్టి ఇస్తే ముక్కుతో వెతుక్కుంటూ పావుగంట కూర్చుంటుంది, ఆ పావుగంట ముక్కు పని అరగంట పరుగుకి సమానం అని నా అనుభవం. తొమ్మిదిన్నర నుంచి ఇంట్లో లైట్లు, గొంతులు తగ్గించండి. మీ ఆయన ఆఫీసు నుంచి పదింటికి వచ్చి ఆడించడం మొదలుపెడితే మాత్రం ఇవేవీ పనిచేయవు, ఆ మాట ఆయనకి చెప్పాల్సిందే.

నాలుగున్నరకే లేచి కూర్చుంటోంది

కుక్కలకి తెల్లవారుజాము సహజంగానే చురుకైన వేళ. దానికి తోడు మనకి పాల ప్యాకెట్ల బండి, గుళ్ళో మైకు, మసీదులో నమాజు పిలుపు, పక్కింటి కుక్కర్, అన్నీ ఆ టైమ్‌కే మొదలు. ముందు ఉచ్చ కోసమా కాదా చూడండి, తీసుకెళ్ళి తెచ్చి మళ్ళీ పెట్టెలో పెట్టండి. లేవగానే తిండి పెట్టే అలవాటుంటే ఈరోజే మానేయండి, లేచిన అరగంట తర్వాతే గిన్నె కనిపించాలి. కిటికీకి మందపాటి కర్టెన్ లేకపోతే పాత దుప్పటి కట్టండి. ఇవన్నీ చేసినా ఐదున్నర దాటి పడుకోని పిల్లలు ఉంటాయి, వాటితో మీరు కూడా తొందరగా పడుకోవడం తప్ప వేరే దారి నాకు కనపడలేదు.

నాలుగు నెలలు వచ్చాయి, రాత్రి లేచి మంచం కోళ్ళు, చెప్పులు అన్నీ కొరుకుతోంది

పళ్ళు మారుతున్నాయి. 28 పాలపళ్ళు రాలి 42 పెద్దపళ్ళు వస్తాయి, మూడున్నర నెలల నుంచి ఆరేడు నెలల దాకా. నేల మీద బియ్యపు గింజంత పన్ను దొరికినా, నమిలిన గుడ్డ మీద కాస్త రక్తం కనపడినా కంగారు పడకండి. చిన్న నాప్‌కిన్ తడిపి తాడులా మెలిపెట్టి ఫ్రీజర్‌లో పెట్టి పడుకునే ముందు ఇవ్వండి, చిగుళ్ళకి హాయిగా ఉంటుంది. క్యారెట్ చల్లగా ఇచ్చినా సరే. వండిన ఎముకలు వద్దు, చీలి గొంతులో గుచ్చుకుంటాయి. ఫోన్ చార్జర్ వైర్లు ఆ మూడు నెలలు నేల మీద ఉండకూడదు.

వీధి కుక్కలు మొరిగితే ఇదీ లేచి మొరుగుతుంది

వీధి వైపు గదిలోంచి లోపలి గదికి మార్చండి. అది మొరిగినప్పుడు "ఏయ్, నోర్ముయ్" అని మీరు అరిస్తే మీరూ దానితో కలిసి మొరుగుతున్నారనే అనుకుంటుంది. లేచి వెళ్ళి కిటికీ మూసి, దాన్ని మెల్లగా పిలిచి పడుకునే చోటికి తీసుకెళ్ళండి. పగలు వీధి కుక్కలు మొరిగిన ప్రతిసారీ ఒక గింజ తిండి వేస్తూ వస్తే రెండు మూడు వారాల్లో ఆ చప్పుడుకి కిటికీ వైపు కాకుండా మీ వైపు చూస్తుంది.

ఇన్నాళ్ళూ బాగా పడుకునేది, ఆరో నెలలో మళ్ళీ మొదలెట్టింది

ఏం మారిందో వెతకండి. కొత్త ఇల్లా, ఇంట్లో ఎవరైనా ఊరెళ్ళారా, పక్కన బిల్డింగ్ కడుతున్నారా, దీపావళి టపాసులకి భయపడిందా? ఆడ పిల్ల అయితే ఆరు నెలల తర్వాత మొదటిసారి ఎదకి రావచ్చు, మగది అయితే చుట్టుపక్కల ఎదలో ఉన్న ఆడకుక్క వాసనకి నిద్రపోదు, ఆపరేషన్ గురించి డాక్టర్‌తో మాట్లాడే టైమ్ అది. ఏ కారణమూ కనపడకపోతే ఒకసారి ఒళ్ళు చూపించండి.

## ఒంట్లో బాగోలేదని అనుమానం వస్తే

మామూలు ఏడుపా, జబ్బా, ఎలా తెలుస్తుంది?

ఒంటరితనం ఏడుపు మీరు దగ్గరికి వెళ్ళగానే తగ్గుతుంది. నొప్పి ఏడుపు తగ్గదు. గంటకి నాలుగైదు సార్లు కూర్చుని చుక్క చుక్క పోస్తోందంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఆడ పిల్లల్లో ఎక్కువ, దాన్ని ట్రైనింగ్ లోపం అనుకుని కోప్పడకండి. రాత్రంతా గోక్కుంటుంటే చెవుల లోపల, వేళ్ళ సందుల్లో పిడుదులు వెతకండి. కుండలా పొట్ట ఉబ్బి ఉంటే నులిపురుగులు, మందు రెండు వారాలకోసారి మూడు నెలల దాకా పడాలి.

వాంతులు, రక్తంతో విరేచనాలు, తిండి ముట్టకపోవడం, పిలిస్తే తల ఎత్తకపోవడం, చిగుళ్ళు పాలిపోయి తెల్లగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. మామూలుగా కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది, మన చేతికి వేడిగా తగిలినంత మాత్రాన జ్వరం కాదు. రాత్రి తెరిచి ఉండే క్లినిక్ ఏది, ఎంత దూరం అనేది పిల్ల వచ్చిన మొదటి రోజే కనుక్కుని ఫ్రిజ్ మీద రాసి అంటించండి. రాగికి అర్ధరాత్రి వాంతులు పట్టుకున్నప్పుడు నేను మూడు చోట్లకి ఫోన్ చేశాను, రెండు చోట్ల ఎత్తలేదు, ఆ నలభై నిమిషాలు నేను ఇప్పటికీ మర్చిపోలేను.

నిద్రపట్టడానికి కొంచెం దగ్గు మందో, జలుబు మాత్రో వేయొచ్చా?

వద్దు, అస్సలు వద్దు. మనుషుల మందులు ఏవీ డాక్టర్ చెప్పకుండా వేయకూడదు. పారాసెటమాల్, బ్రూఫెన్ లాంటివి కుక్కల లివర్‌ని, కిడ్నీల్ని పాడు చేస్తాయి, చిన్న పిల్లకి అర మాత్ర కూడా ఎక్కువే.

## ఇంట్లోవాళ్ళు, చుట్టుపక్కలవాళ్ళు, మీరు

రాత్రి కుక్క ఏడిస్తే అశుభం, ఎవరికో మూడుతుంది అని అత్తయ్యగారు భయపడుతున్నారు

ఆవిడతో వాదించకండి, ఆ మాట ఆవిడ చిన్నప్పట్నుంచి విన్నది. పగలు పిల్లని ఆవిడ ఒళ్ళో పెట్టండి, "ఇది వాళ్ళమ్మ కోసం ఏడుస్తోంది అత్తయ్యా" అని చెప్పండి. మా అమ్మ కూడా మొదటి రోజు ఇదే అంది, రెండో రోజు నేనిలా చెప్పగానే కాసేపు ఏం మాట్లాడలేదు, ఆ రాత్రి తనే లేచి వెళ్ళి పెట్టె పక్కన కూర్చుంది. పెద్దవాళ్ళకి నిద్ర పట్టకపోతే ఆరోగ్యం పాడవుతుంది, కాబట్టి ఆ వారం పిల్ల పెట్టె వాళ్ళ గదికి దూరంగా ఉండేలా చూడండి.

కింద ఫ్లాట్‌వాళ్ళు కంప్లైంట్ చేశారు, కుక్కని తీసేయమని అసోసియేషన్ అంటోంది

తీసేయక్కర్లేదు. 2015లో జంతు సంక్షేమ బోర్డు ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం మెజారిటీ ఓటు వేసినా సరే అసోసియేషన్ పెంపుడు కుక్కల్ని నిషేధించలేదు. కానీ ఆ కాగితం పట్టుకుని గొడవకి వెళ్ళేముందు కింద ఫ్లాట్ తలుపు కొట్టి మాట్లాడండి. "రెండు నెలల పిల్లండీ, ఇంకో రెండు వారాలు ఓపిక పట్టండి, నేను పక్కనే పడుకుంటున్నాను" అని మీరే ముందు వెళ్ళి చెబితే సగం కోపం పోతుంది. వాళ్ళింట్లో పరీక్షలకి చదివే పిల్లలో, పసిబిడ్డో ఉంటే పెట్టెని వాళ్ళ బెడ్‌రూమ్ పైన లేని గదికి మార్చండి, కింద మందపాటి బొంత వేయండి. నిద్ర పోగొట్టుకుంటున్నది వాళ్ళు కూడా.

నిద్ర లేక ఏడుపొస్తోంది, తెచ్చి తప్పు చేశానా అనిపిస్తోంది

చాలామందికి అనిపిస్తుంది, బయటికి చెప్పరు అంతే. పిల్ల మీద ప్రేమ లేక కాదు అది, వారం రోజులు ముక్కలు ముక్కలుగా పడుకుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. షిఫ్టులు వేసుకోండి, పదకొండు నుంచి రెండున్నర దాకా ఒకళ్ళు, తర్వాత ఇంకొకళ్ళు, తన షిఫ్ట్ కానివాళ్ళు వేరే గదిలో తలుపేసుకుని పడుకోవాలి. ఒక్కరే ఉంటే పగలు పిల్ల పడుకున్నప్పుడు మీరూ పడుకోండి, గిన్నెలు తర్వాత తోముకోవచ్చు. వారానికి ఒక రాత్రి స్నేహితులనో తమ్ముడినో వచ్చి ఉండమని అడగండి, అడగడానికి మొహమాటపడకండి. కోపం తట్టుకోలేనంతగా వస్తే పిల్లని పెట్టెలో భద్రంగా పెట్టి రెండు నిమిషాలు బాల్కనీలో నిలబడి రండి.

ఎన్నాళ్ళకి రాత్రంతా పడుకుంటుంది?

ఎక్కువ పిల్లలు నాలుగు నెలలకల్లా ఆరేడు గంటలు పడుకుంటాయి, కొన్ని ముందే, చిన్న జాతివి కాస్త ఆలస్యంగా. ఏడుపు మాత్రం అంతకంటే చాలా ముందే తగ్గుతుంది, పక్కన మీరుంటే నాలుగైదు రాత్రులు, ఎక్కువలో ఎక్కువ రెండు వారాలు. రాగికి పదిహేనో వారం నడుస్తుండగా ఒకరోజు కళ్ళు తెరిచేసరికి కిటికీలో వెలుగొచ్చేసింది, అలారం మోగి ఆగిపోయిందో ఏమో తెలీదు, గుండె ఝల్లుమని పెట్టెలోకి చూస్తే వెల్లకిలా పడుకుని నాలుగు కాళ్ళూ గాల్లోకి పెట్టి గురక పెడుతోంది, చీర మడత పొడిగానే ఉంది.